శ్వేతపత్రం, స్వేదపత్రం, మెస్ బిల్లు

విమర్శ అనగానే మనకు కథ, కవిత, నవల గుర్తుకొస్తాయి. నేను ఇక్కడ చదవబోయేవి అవి కావు. ప్రభుత్వాలు అచ్చేసిన కొన్ని కాగితాలు, వాటి మీద అసెంబ్లీలో, పేపర్లలో, టీవీల్లో నడిచిన చర్చ. ధరలు మండుతున్న కాలంలో సర్కారు ఖర్చు తగ్గించుకోవాలా, తగ్గిస్తే ఎక్కడ తగ్గించాలి అన్నదే ఆ చర్చ. కథ చదివేటప్పుడు మనం ఏం చూస్తాం? ఎవరు మాట్లాడుతున్నరు, ఎవరి గురించి మాట్లాడుతున్నరు, ఎవరికి నోరు లేదు, ఏ మాట వెనక ఏది దాక్కున్నది అని చూస్తాం. జీవోను కూడా అట్లనే చదవాలని నా వాదన. మన పిల్లల కంచంలోకి వచ్చే అన్నం గురించి ముందు రాసేది కథకులు కాదు, జీవోలు రాసేవాళ్లే.

నేనుండేది కిష్టారెడ్డిపేటలో. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేసేవాళ్లు కిరాయికుండే గదులు మా చుట్టూ ఉన్నయి. పక్కనే అపార్ట్‌మెంట్లు లేస్తున్నయి. నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ గదుల్లో చాలా ఉన్నయి. మాదీ అట్లాంటిదే. తండ్రి షిఫ్టు పనికి పోతడు, తల్లి అపార్ట్‌మెంట్లలో పనికి పోతది, పిల్లలు గురుకులంలో ఉంటరు, ముసలోళ్లు తండాలో ఉంటరు. ఒక్క ఇల్లు మూడు పొయ్యిల మీద నడుస్తది. గదిలో గ్యాస్ పొయ్యి, తండాలో కట్టెల పొయ్యి, హాస్టల్లో మెస్ పొయ్యి. ధర పెరిగితే మూడు పొయ్యిలకూ సెగ తగులుతది. కాని ఒక్కో పొయ్యి ఒక్కో కాగితం చేతిలో ఉన్నది. ఆ కాగితాలనే ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండు పత్రాలు

2023 డిసెంబర్ 20న తెలంగాణ అసెంబ్లీలో ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టారు. 42 పేజీలు. రాష్ట్రం ఏర్పడ్డ 2014–15లో 72,658 కోట్లు ఉన్న అప్పు 6,71,757 కోట్లకు చేరిందని అందులో లెక్క. నాలుగు రోజులకు, డిసెంబర్ 24న, బీఆర్ఎస్ తరఫున కేటీఆర్ దానికి జవాబుగా ‘స్వేదపత్రం’ విడుదల చేశారు. అప్పు అంత లేదు, పదేళ్లు చెమటోడ్చి రాష్ట్రానికి ఆస్తులు కూడబెట్టాం అని అందులో వాదన.

ఆ వారం రోజులూ మా గదిలో టీవీ అదే చెప్పింది. మా అమ్మకు రెండు మాటలూ ఒక్క తీరుగనే వినపడ్డయి. "ఒకే పత్రాన్ని ఇద్దరు ఎందుకు చదువుతున్నరు బేటా?" అని అడిగింది. ఒకటి తెల్లకాగితం, ఇంకొకటి చెమట కాగితం అని చెప్పిన. "చెమట ఎవరిదట?" అన్నది.

విమర్శకుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ‘స్వేదం’ అన్న సంస్కృత మాట పెట్టగానే చెమట మనిషి ఒంటి మీది నుంచి లేచి పత్రంలోకి పోతది. ఫర్నేసు ముందు నిలబడ్డవాడి చెమట, పన్నెండు గంటల డ్యూటీ చేసిన హెల్పర్ చెమట, పార్టీ ఖాతాలో జమ అవుతది. ఇటు ‘శ్వేత’ అన్న మాటకూ ఒక ఎత్తుగడ ఉన్నది. తెల్లగా ఉంది కాబట్టి ఇందులో దాపరికం లేదని ముందే నమ్మమంటది. రెండు పత్రాల చుట్టూ నడిచిన వాదంలో లక్షల కోట్లు విన్న. 950 రూపాయల మాట మాత్రం నాకు వినపడలేదు. అప్పటికి గురుకులంలో ఏడో తరగతిలోపు పిల్లకు నెలంతా తిండికి ఇస్తున్నది అదే.

శ్వేతపత్రం కూడా ఒక సాహిత్య ప్రక్రియే అని నాకు అనిపిస్తది. దానికీ కట్టుబాట్లు ఉన్నయి. కొత్తగా వచ్చినాయన ఖజానా తలుపు తీస్తడు, లోపల ఖాళీ. దోషి ఎప్పుడూ ముందున్నాయనే. చివరి అంకంలో ప్రజలు కొంత ఓర్చుకోవాలె. 1996లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసింది. ఎన్.టి.రామారావు 1983లో మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం ఆ ఏడే మూడున్నర అయ్యింది. తిరిగి రెండు రూపాయలు కావడానికి 2008 దాకా, అంటే పన్నెండేళ్లు పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మళ్లీ వరుసగా శ్వేతపత్రాలు వచ్చినయి. పార్టీలు మారుతున్నయి, రాష్ట్రం రెండయ్యింది, ప్రక్రియ మాత్రం అదే. కనుక శ్వేతపత్రం చేతికి రాగానే మొదటి పేజీ కాదు, దాని తర్వాత వచ్చే జీవోలు చదవాలె. కథ ముగింపు అక్కడుంటది.

కదలని అంకె

కోత అంటే మనం ఏదో తగ్గించిన జీవో వస్తదని అనుకుంటాం. పేదల విషయంలో ఆ అవసరం ఎక్కువగా రాదు. ధరలు పెరుగుతున్నప్పుడు అంకెను కదలకుండా ఉంచితే చాలు, అదే కోత. ఎవరూ సంతకం పెట్టనక్కరలేదు, ఎవరూ పేపర్లో తిట్లు పడనక్కరలేదు.

మెస్ రేటు కథ ఇది. 2017లో ఖరారైన డైట్ చార్జీలు: 3 నుంచి 7 తరగతులకు నెలకు 950 రూపాయలు, 8 నుంచి 10కి 1,100, ఇంటర్ నుంచి పైన 1,500. దేశంలో చిల్లర ధరల పెరుగుదల 2022 ఏప్రిల్‌లో 7.79 శాతం. టమాటా ధర పేపర్ల మొదటి పేజీకెక్కిన 2023 జూలైలో ఆహార పదార్థాల ధరలు అంతకు ముందు ఏడాది కన్నా 11.51 శాతం ఎక్కువ. ఆ నెలలోనే అప్పటి ప్రభుత్వం 26 శాతం పెంపు ప్రకటించింది. 950 కాస్తా 1,200 అవుతదన్నరు. తర్వాత ఎన్నికలు వచ్చినయి, ప్రభుత్వం మారింది. 2024 నవంబర్ 1 నుంచి కొత్త ప్రభుత్వం 40 శాతం పెంచింది. 950 నుంచి 1,330, 1,100 నుంచి 1,540, 1,500 నుంచి 2,100. ఈ లెక్కలో పాత రేటు ఎంతని రాసిందో చూడండి. 1,200 కాదు, మళ్లీ 950. నడుమ వచ్చిన ప్రకటన కంచం దాకా రాలేదని ఆ ఒక్క అంకె సాక్ష్యం చెప్తున్నది.

40 శాతం పెంపు మంచిదే. దాన్ని తక్కువ చెయ్యను. అయితే ‘చారిత్రక పెంపు’ అని మనమూ చప్పట్లు కొట్టే ముందు పిల్లల చేత ఒక లెక్క చేయించాలె. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున ఏడేళ్లు పెరిగితే 100 రూపాయల సరుకు 140 అవుతది. 6 శాతం అయితే 150. అంటే 40 శాతం పెంచితే 2017 నాటి కంచం దగ్గరికి తిరిగి చేరినట్టు, అంతే. అది పెంపు కాదు, పాత బాకీ తీర్చడం. పైగా ఈ బాకీలో అసలు మాత్రమే తీరింది. నడుమ ఏడేళ్లు పలుచబడ్డ పప్పు, తగ్గిన కూర ఎవరూ తిరిగి తెచ్చియ్యలేరు.

మా అక్క కొడుకు 2017లో మూడో తరగతిలో హాస్టల్లో చేరిండు. రేటు మారే నాటికి పదో తరగతి సగానికి వచ్చిండు. తరగతి మారితే రేటు మారింది గాని, రేటు మాత్రం మారలేదు. 950 నుంచి 1,100కు వాడు పోయిండు, అంకె వాడి దగ్గరికి రాలేదు. "పెంచిండ్రట గదరా" అని సంబరంగా అడిగితే, "నేను పోయేటప్పుడు పెంచిండ్రు మామా" అన్నడు. ఒక పిల్లవాడి హాస్టల్ బతుకంతా ఒక్క జీవో కింద గడిచిపోయింది. పెరిగే ఎముకకు, వచ్చే ఏడు చూద్దాం అని చెప్పలేం.

ఇక మాటల సంగతి. 950ని రోజులకు పంచితే 31 రూపాయల చిల్లర, అందులోనే మూడు పూటలు. దానికి పెట్టిన పేరు ‘డైట్’. మా పక్క అపార్ట్‌మెంట్లలో డైట్ అంటే తిండి తగ్గించుకోవడం. హాస్టల్ డైట్ కూడా అదే అర్థంలో నడిచింది. దానికన్నా పెద్ద మోసం ‘కాస్మెటిక్ చార్జీలు’ అన్న మాటలో ఉన్నది. సబ్బు, తలనూనె, ఆడపిల్ల నెలసరి అవసరం కాస్మెటిక్ ఎట్లయితయి? ఆ పేరు పెట్టగానే అది సోకు అయిపోయింది. సోకు కాబట్టి ఆగొచ్చు. అట్లనే పదహారేండ్లు ఆగింది. 8 నుంచి 10 చదివే ఆడపిల్లకు నెలకు 75 రూపాయలు, అంటే రోజుకు రెండున్నర. 2024లో అది 275 అయ్యింది. చిన్న తరగతుల ఆడపిల్లలకు 55 నుంచి 175. ఒక తప్పు మాట పదహారేండ్ల కోతకు ఎట్ల సాయం చేసిందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ నాకు దొరకలేదు.

రేవడీ, పెరుగు

గదిలో గ్యాస్ పొయ్యి కాగితాలు ఢిల్లీలో ఉన్నయి. 2022 జూలై 16న ఉత్తరప్రదేశ్‌లో ఒక ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ ప్రధాని నరేంద్ర మోదీ ఉచిత పథకాల రాజకీయాన్ని ‘రేవడీ సంస్కృతి’ అని విమర్శించారు. రేవడీ అంటే జాతరలో పంచే నువ్వుల మిఠాయి. రెండు రోజులకు, జూలై 18 నుంచి, ప్యాక్ చేసి పేరు వేసిన బియ్యం, పిండి, పెరుగు మీద 5 శాతం జీఎస్టీ మొదలైంది. అంతకు మూడేళ్ల ముందు, 2019 సెప్టెంబర్‌లో, కంపెనీల మూల పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గింది. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకోవాల్సి వస్తదని అప్పుడు ప్రభుత్వమే అంచనా చెప్పింది. ఆ తగ్గింపుకు పెట్టిన పేరు ‘ప్రోత్సాహకం’. ఇచ్చేది ఒకే ఖజానా అయినా, పైకి పోతే ప్రోత్సాహకం, కిందికి వస్తే మిఠాయి.

‘పన్ను కట్టేవాళ్ల సొమ్ము’ అన్న మాట కూడా టీవీ చర్చల్లో తరచు వినపడతది. కిష్టారెడ్డిపేట కిరాణాకొట్లో పెరుగు ప్యాకెట్టు కొన్నప్పుడు మా అమ్మ కూడా పన్ను కట్టింది. ఆమెకు రసీదు లేదు. అందుకే ఆ మాటలో ఆమె లేదు.

కరువు భత్యం ఎవరికి

ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. మనకు డీఏ ఉన్నది. తెలుగులో దాని పేరు కరువు భత్యం. ధరల సూచీ కదిలితే ఏడాదికి రెండుసార్లు అది కదలాలె. డీఏలు బాకీ పడుతున్నయని మనం కొట్లాడుతున్నం, ఆ కొట్లాట న్యాయమైందే. ఆగిన డీఏకు ఒక పేరుంది, ఒక శాతం ఉంది, ఏ నెల నుంచి బాకీయో లెక్కుంది, అడిగే సంఘం ఉంది. మన బడిలోనే, మన కండ్ల ముందు తినే పిల్లకు అట్లాంటి భత్యం లేదు. ఆమె రేటు పెరగాలంటే ఒక ముఖ్యమంత్రికి మనసు కరగాలె, లేకపోతే ఎన్నికలు రావాలె, అదీ కాకుంటే కలుషిత భోజనం వార్త పేపర్లో పడాలె. ధర పెరిగినప్పుడు జీతగాడికి హక్కుగా వచ్చేది హాస్టల్ పిల్లకు దయగా వస్తున్నది. ఈ చర్చ మొత్తంలో నాకు కనపడ్డ పెద్ద వెలితి ఇది.

మన తండ్రుల కాగితమూ ఇట్లాంటిదే. 1948 కనీస వేతనాల చట్టం ఐదేళ్లు దాటకుండా వేతనాలు సవరించాలన్నది. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు సవరణ జీవోలు వచ్చినయి గాని గెజిట్‌లో అచ్చు కాలేదు. అచ్చు కాలేదు కాబట్టి అమలు కాలేదు. రాసినా అచ్చుకాని కవితకు కవి బాధపడతడు. అచ్చుకాని జీవోకు పారిశ్రామిక వాడ మొత్తం బాధపడ్డది, ఎందుకో తెలియకుండనే.

అయితే సూచీకి కడితే సరిపోతదా అని ఎవరైనా అడగొచ్చు. సరిపోదు, దానికి మూడో పొయ్యి సాక్ష్యం. తండాలో ఉపాధి హామీ కూలి ఏటా ధరల సూచీ ప్రకారమే పెరుగుతూ వచ్చింది. తెలంగాణలో 2023–24లో 272 రూపాయలు, 2024–25లో 300, 2025–26లో 307. 2025–26లో పెరిగింది ఏడు రూపాయలు. పటాన్‌చెరులో ఏడు రూపాయలకు చాయ్ రాదు. కారణమేందంటే, ఆ పెంపుకు ఆధారమైన వ్యవసాయ కూలీల ధరల సూచీకి 2025 దాకా మూల సంవత్సరం 1986–87. అంటే మా అమ్మ పెళ్లినాటి సరుకుల బుట్టతో ఇవాళ్టి ఖర్చు కొలిచిండ్రు. ఆ బుట్టలో ఫోన్ రీచార్జ్ లేదు, తండా నుంచి పట్నం బస్సు కిరాయి ఇవాళ ఎంత బరువో లేదు. కాబట్టి మనం అడగాల్సింది రెండు మాటలు. సూచీకి కట్టండి. ఆ సూచీ బుట్టలో ఎవరి సరుకులు ఉన్నయో చూపించండి.

ఖజానా వాదన

ఎదుటి వాదనను దాటిపోవడం విమర్శ కాదు. అప్పు నిజమే. వడ్డీ ప్రతి నెలా కట్టాల్సిందే, కట్టేది రేపు మన పిల్లలే. రాబడికి మించి ఖర్చుపెట్టే ప్రభుత్వం ఏదో ఒక రోజు జీతాలు, స్కాలర్‌షిప్పులు ఆపే స్థితికి వస్తది. అప్పుడు ముందు దెబ్బ తినేది మనమే. పక్కనే శ్రీలంకను చూసినం. 2022 సెప్టెంబర్‌లో అక్కడ ధరల పెరుగుదల 70 శాతం దగ్గరికి పోయింది. 2023లో అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు వచ్చింది. 2024 మొదట్లో విలువ ఆధారిత పన్ను 18 శాతం అయ్యింది. లెక్క తప్పిన ఖజానా కూడా పేదవాడి వంటింట్లోకే వస్తది, దాన్ని సరిచేసే మందు కూడా పేదవాడి వంటింట్లోకే వస్తది. కనుక ‘పొదుపు వద్దు’ అన్నది మన నినాదం కాకూడదు.

మన ప్రశ్న వేరు. ఈ కోత ధరను తగ్గిస్తదా? 2023లో టమాటా ధర పెరిగింది వానల వల్ల, పంట దెబ్బతిని. 2022లో నూనె ధర పెరిగింది ఉక్రెయిన్ యుద్ధం వల్ల. రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. దాని లెక్కలు దానికుంటయి. హాస్టల్ పిల్ల కంచంలో పప్పు పలుచన చేస్తే మాత్రం బజార్లో పప్పు ధర దిగదు. దుబారా తగ్గించడం వేరు, ధర దెబ్బ తగిలినవాడినే ఇంకోసారి కొట్టడం వేరు. ‘ఆర్థిక క్రమశిక్షణ’ అన్న ఒక్క మాట కింద ఈ రెండింటినీ కలిపేస్తున్నరు. విడదీసి చదవడమే మన పని. ఒక ఖర్చును ఆపాలంటే ముందు అది ఎవరి పొయ్యి మీదిదో చూడాలె.

దీనికి ఒక కొలత మన చేతిలోనే ఉన్నది. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీల కోసం పక్కన పెట్టిన సొమ్ము ఆ ఏడు ఖర్చు కాకపోతే తర్వాతి ఏడు కలపాలె. ఖర్చు కాని సొమ్మును ‘పొదుపు’ అని లెక్కల్లో చూపడానికి వీలు లేదన్న మాట. బడ్జెట్ వచ్చినప్పుడు కేటాయింపు ఒక్కటే చూసి సంబరపడటం, తిట్టడం మానాలె. నిరుడు ఎంత మిగిలింది, అది కలిసిందా అని అడగాలె.

మన రాతల్లో ఏముంది

చివరిగా మన మీదనే విమర్శ. గిరిజన రచయితలం హాస్టల్ ఆకలి గురించి రాసినం. తండా విడిచిన బాధ రాసినం. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథల సంపుటికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మన ఆడవాళ్లు దుఃఖంలో పాడే పాట పేరు తెలుగు పుస్తకం అట్ట మీదికెక్కి దేశం దాకా పోయింది. అది మనందరి సంతోషం. అయినా మన కథల్లో ఆకలి ఎక్కువగా విధి లాగ వస్తది, లేకపోతే చెడ్డ వార్డెన్ లాగ వస్తది. వార్డెన్ దొంగైతే కథ సులువు. వార్డెన్ మంచివాడై, చేతిలో పిల్లకు రోజుకు 31 రూపాయలే ఉన్నప్పుడు నూనె ప్యాకెట్టు ముందు నిలబడి వేసే లెక్క, ఆ కథ మనం ఎక్కువగా రాయలేదు. ఆకలికి ఒక తేదీ ఉంటది, ఒక జీవో ఉంటది, ఒక కదలని అంకె ఉంటది. దాన్ని చూపిస్తే కథ బలహీనపడదు. కోపం ఎటు పోవాలో పాఠకుడికి తెలుస్తది.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పే పని చిన్నది. రేపు బడిలో శాతాల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని మామిడిపండ్ల లెక్క పక్కన పెట్టి, బోర్డు మీద 950 రాయండి. 2017 అని రాయండి. ఆ ఏడు మీ ఊర్లో కిలో కందిపప్పు ఎంతో ఇంట్లో అడిగి రమ్మనండి, ఇవాళ ఎంతో కిరాణాకొట్లో అడిగి రమ్మనండి. ఇప్పటి 1,330ని కూడా పక్కనే రాసి, వచ్చే జూన్ దాకా తుడవకండి. జూన్‌లో మళ్లీ లెక్క చేయించండి. అంకె కదలకపోతే పిల్లలే కనిపెడతరు. మా అక్క కొడుకు పోయేటప్పుడు పెంచిండ్రు. వాడి చెల్లె ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్నది. ఆమె పదో తరగతికి వచ్చేనాటికి ఇంకా 2024 రేటే నడుస్తుంటే, ఈసారి మనకు తెలియదని చెప్పే వీలు లేదు.